రెండు చెవుల కంచు టోపీ

పయ్యోళి,
జూన్ 7

నీలతార ఎయిర్‌వేస్, కోళిక్కోడ్ కార్యాలయంలో ప్రయాణికుల సామాను విభాగం చూస్తున్న అధికారి వారి సముఖమునకు,

విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, పయ్యోళి కిలోల పంపిణీ సంఘం కార్యదర్శి అయిన ఆలిక్కోయ విన్నవించుకునేది.

మీ కంప్యూటరు ఫారంలో ఫిర్యాదు కోసం కేటాయించిన గడి నా పేరు, ఊరు రాసేసరికే నిండిపోయింది. అందుచేత తపాలా శాఖను ఆశ్రయించాను.

ఈ నెల ఐదున నా భార్య కుంజామిన మీ విమానంలో దోహాకు బయలుదేరింది. అక్కడ మా అమ్మాయి సాజిదకు నెలలు నిండాయి. కాన్పయిన నలభై రోజుల లోపల బాలింతకు ఉల్లి లేహ్యం కాచి పెట్టడం మా ఇళ్ళలో తల్లి బాధ్యత. ఆమె కొన్నది మీరు దయతో అమ్ముతున్న, పెట్టెలకు చోటు లేని 'ఒట్టి మనిషి' టికెట్టు. చేతిసంచీ ఏడు కిలోలు దాటరాదు. దాటలేదు. ఒంటి మీద ధరించినవి తూకానికి రావని మీ నిబంధనల పదకొండో పేరా చెబుతోంది. అయినప్పటికీ ఆమె తల మీద ధరించిన కంచు వస్తువును (చెవులు రెండు, బరువు మూడు కిలోల చిల్లర) మీ గేటు ఉద్యోగి సుధీష్ గారు దించి, ఉంచేసుకున్నారు.

దానిని తక్షణం దోహాకు పంపవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఆలిక్కోయ

తా.క. దానిని బోర్లించి పెట్టకండి. చెవులు వంగుతాయి.


కోళిక్కోడ్,
జూన్ 10

శ్రీ ఆలిక్కోయ మాస్టారికి,

విషయం: పోయిన టోపీ.

మీ అసౌకర్యానికి సంస్థ చింతిస్తోంది. గేటు నివేదిక తెప్పించి చదివాను. సుధీష్ రాసుకున్న సంభాషణ యథాతథంగా ఇది:

"ఉమ్మా, తలకు చుట్టిన తట్టం కింద ఏమిటది?"

"టోపీ, బిడ్డా."

"టోపీకి చెవులెందుకు?"

"నీ టోపీకి లేవని నా టోపీకి ఉండకూడదా?"

తర్వాత రుసుము చెప్పడం, ఆ డబ్బుతో ఇలాంటివి రెండు వస్తాయని ప్రయాణికురాలు అనడం, విమానం తలుపు మూసే వేళ కావడం, ఆమె ఆ వస్తువును గేటు బల్ల మీద పెట్టి వెనక్కి చూసుకుంటూ వెళ్ళడం జరిగాయి.

జతపరచిన 'తలపాగాలు, టోపీలు' ఫారాన్ని పూరించి పంపగలరు. టోపీ రంగు, కొలత, ఉన్ని లేక నూలు అన్నవి తప్పనిసరి.

విధేయురాలు,
ఏలియామ్మ పున్నూస్
సామాను విభాగాధికారిణి

తా.క. విచారణకు సంబంధం లేదు గానీ, 'కిలోల పంపిణీ సంఘం' అంటే ఏమిటి?


పయ్యోళి,
జూన్ 12

ఏలియామ్మ పున్నూస్ గారి సముఖమునకు,

పిల్లలకు ముప్పై మూడేళ్ళు నిజం చెప్పమని బోధించినవాణ్ణి. ఉన్ని, నూలు గడుల దగ్గర నా కలం ఆగిపోయింది. అందుచేత ఒప్పుకుంటున్నాను. అది టోపీ కాదు. ఉరుళి. నా భార్య అమ్మమ్మ అమ్మమ్మ నాటి వెడల్పాటి కంచు పాత్ర. చిన్న ఉల్లిపాయలు, తాటిబెల్లం, కొబ్బరిపాలు అందులోనే మాడకుండా దగ్గరపడతాయని ఆమె నమ్మకం. దానిని నెత్తిన పెట్టి, పైన తట్టం కప్పి, పదకొండో పేరాను ఆశ్రయించమన్న ఆలోచన మాత్రం నాది.

ఇక మా సంఘం సంగతి. మీరు మనిషికి నలభై కిలోలు ఉచితంగా మోసిన రోజుల్లో, గల్ఫుకు పోయేవారి పేరు పదిహేను రోజుల ముందే టీ దుకాణం పలక మీద రాసేవాళ్ళం. ఇరవై కిలోలు ప్రయాణికుడివి, ఇరవై ఊరివి. ఎవరి కొడుక్కి అరకిలో ఉప్పుచేప, ఎవరి అల్లుడికి కిలో అరటికాయ చిప్సు అన్నది సంఘం తేల్చేది. తగవులొస్తే నేను కూడికలు చేసి తీర్చేవాణ్ణి. ఇప్పుడు ఒట్టి మనుషులు పోతున్నారు. దర్జీ బాలన్ ముప్పై జేబుల కోటు కుట్టడం నేర్చాడు. బయలుదేరేటప్పుడు ఎంతో పుష్టిగా కనిపించినవాడు దోహాలో దిగిన గంటకు సన్నబడతాడు. అక్కడి బంధువులు ఎదురొచ్చి కౌగిలించుకోరు, ముందు గుండీలు విప్పుతారు. ఒకసారి తొందరపడి కౌగిలించుకుంటే మామిడికాయ పచ్చడి పగిలిందట.

దయచేసి ఉరుళి పంపండి. కాన్పు ఏ రోజైనా కావచ్చు.

భవదీయుడు,
ఆలిక్కోయ

తా.క. ఫారం తిప్పి పంపుతున్నాను. కొలత గడిలో 'బాలింతకు సరిపడా' అని రాశాను.


కోళిక్కోడ్,
జూన్ 16

శ్రీ ఆలిక్కోయ మాస్టారికి,

విషయం: (1) పోయిన టోపీ (2) దొరికిన పాత్ర.

మీ సత్యసంధతకు సంస్థ తరపున అభినందనలు. దాని ఫలితంగా మీ ఫైలు రెండు ఫైళ్ళయింది.

మొదటిది. గేటు పుస్తకం ప్రకారం మీ భార్య టోపీ అప్పగించారు. మా గిడ్డంగిలో ఆమె పేరు మీద టోపీ లేదని మీ ఉత్తరం వల్ల తేలింది. కనుక సంస్థ ఆ టోపీని పోగొట్టినట్టే. చింతిస్తున్నాం. గాలింపు మొదలైంది. ఇప్పటికి పద్నాలుగు టోపీలు దొరికాయి, వచ్చి గుర్తించగలరు.

రెండవది. గిడ్డంగిలో ఒక ఉరుళి ఉన్న మాట నిజమే. అయితే ఆ రోజు ఏ ప్రయాణికుడూ ఉరుళి తెచ్చినట్టు పుస్తకంలో లేదు. యజమాని లేని సామగ్రిని ముప్పై రోజుల తర్వాత, అంటే జూలై ఐదున, వేలం వేస్తాం. ఉరుళులను సాధారణంగా హోటళ్ళవారు కొంటారు, ముందు గదిలో నీళ్ళు పోసి పువ్వులు తేల్చడానికి.

ఇటువంటి చిక్కులు మళ్ళీ రాకుండా గేటు సర్క్యులర్ సంఖ్య 41 జారీ చేశాను. దాని ప్రకారం చెవులు, పిడులు, మూతలు గల ఏ శిరోవస్త్రమైనా రుసుముకు లోబడుతుంది.

విధేయురాలు,
ఏలియామ్మ పున్నూస్

తా.క. బాలన్ కోటు సమాచారానికి కృతజ్ఞతలు. సర్క్యులర్ 42 తయారవుతోంది. ఎనిమిది జేబులు దాటిన కోటు ఇకపై కోటు కాదు, సంచీ.


పయ్యోళి,
జూన్ 20

ఏలియామ్మ పున్నూస్ గారి సముఖమునకు,

ఈ నెల పదిహేడున సాజిదకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

నా జూన్ 12 నాటి ఉత్తరంలోని నిజాన్ని ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. అది టోపీయే. మీ గిడ్డంగిలో ఉన్న ఉరుళీ, మీరు వెతుకుతున్న టోపీ ఒకటే వస్తువు. శిరోవస్త్రం ఏ పదార్థంతో ఉండాలో పదకొండో పేరా చెప్పలేదు. సర్క్యులర్ 41 పుట్టడానికి పదకొండు రోజుల ముందే నా భార్య దానిని ధరించింది కనుక అది ఆమెకు వర్తించదు.

పువ్వులు తేల్చే మాట చదివాక నాకు అన్నం సహించలేదు. లేహ్యం ఇంకా పొయ్యెక్కలేదు. మా అల్లుడు నిసామ్ అక్కడ కొత్త నల్ల గిన్నె, అడుగు అంటనిది, కొని తెచ్చాడట. "అందులో నువ్వు ఆమ్లెట్ వేసుకో నాయనా. లేహ్యానికి ఉరుళి వస్తుంది" అని కుంజామిన పక్కన పెట్టేసిందట. ఈ సంగతి కూడా నిసామే చెప్పాలి. దోహాలో దిగగానే ఆమె నాకు ఫోను చేసి అన్న మాట ఒక్కటే: "మీ లెక్కలు మీ నెత్తిన పెట్టుకోండి. నా నెత్తిన పెట్టినది చాలు." ఆ తర్వాత నాతో మాటల్లేవు.

భవదీయుడు,
ఆలిక్కోయ

తా.క. పద్నాలుగు టోపీల్లో ఆకుపచ్చ గళ్ళది ఉంటే అది మా టీ దుకాణం మమ్మద్‌ది. మూడేళ్ళుగా వెతుకుతున్నాడు.


కోళిక్కోడ్,
జూన్ 24

ఆలిక్కోయ మాస్టారికి,

విషయం: టోపీ మరియు పాత్ర ఏకీకరణ.

మనవరాలు పుట్టినందుకు శుభాకాంక్షలు. మీ వాదన న్యాయ విభాగానికి పంపాను. టోపీ, పాత్ర ఒకటేనని వారు అంగీకరించారు. రెండు ఫైళ్ళూ కలిపి కుట్టించాను.

ఇందులో ఒక్క ఇబ్బంది మిగిలింది. అది టోపీ అయితే ఒంటరిగా ప్రయాణించడానికి వీల్లేదు. ధరించినవి తూకానికి రావన్న పదకొండో పేరా ధరించేవారు ఉంటేనే పని చేస్తుంది. కనుక టోపీతో పాటు ఒక తల వెళ్ళాలి. ఎవరి తలైనా ఫరవాలేదు. జూలై ఐదు లోపల టికెట్టు గల తలను పంపగలరు. పాత తేదీ టోపీ కనుక దానికి సర్క్యులర్ 41 నుంచి మినహాయింపు కోరాను. పై అధికారులు నిరాకరించారు. చెవులు సంస్కృతికి చెందినవే కావచ్చు గానీ గేటులో అవి చెవులేనని రాశారు.

విధేయురాలు,
ఏలియామ్మ పున్నూస్

తా.క. మా ఊరు పాలా. మా అమ్మ ఉరుళిలో ఇప్పుడు పువ్వులే తేలుతున్నాయి. తేలవేసింది నేనే, మా అపార్ట్‌మెంట్ హాల్లో. అమ్మ పోయాక దాన్ని పొయ్యి మీద పెట్టడం నాకు చేతకాలేదు.

తా.క. 2. ఆకుపచ్చ గళ్ళది ఉంది. మమ్మద్ గారిని గుర్తింపు కార్డుతో రమ్మనండి.


పయ్యోళి,
జూన్ 28

ఏలియామ్మ గారికి,

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సభ్యులు పదకొండుమంది, తలలు పదకొండు, టికెట్టు ఒక్కరికీ లేదు. ఈ నెలలో గల్ఫుకు పోయేవారి వివరాల కోసం ఊరంతా తిరిగాను. ఎవరూ పోవడం లేదు. ఎవరూ పోని ఈ నెలలో ఇప్పటికి పందొమ్మిదిమంది పోయారు. పోతున్నామని చెబితే ఎవరైనా పొట్లం తెస్తారని భయం. పెట్టె కూడా లేకుండా, చేపల బజారుకు పోతున్నట్టు సంచీ ఊపుకుంటూ బయలుదేరి, దోహా చేరాక ఫోను చేస్తున్నారు. మొన్న మా ఎదురింటివాణ్ణి వర్షంలో రెండు ప్యాంట్లతో చూసి, ఎక్కడికయ్యా అంటే, "చలిగా ఉంది మాస్టారూ" అన్నాడు. వాడిప్పుడు షార్జాలో ఉన్నాడు.

ఒక కార్యదర్శిగా కాకుండా రాస్తున్నాను. గేటు దాకా పోకముందే తక్కువలో రుసుము కట్టేద్దామని కుంజామిన ఇంటి దగ్గరే అంది. ముప్పై మూడేళ్ళు నియమాలు చదివి చెప్పినవాణ్ణి, ఒక కంపెనీ నియమంలో సందు దొరికితే వదలగలనా? అదీ నా పొగరు. ఆమెకు నచ్చలేదు. అయినా పెట్టుకుంది. వంగితే పడుతుందని మెడ నిటారుగా నిలిపి, అద్దాల తలుపు దాకా రాణిలా నడిచింది. నేను బయట నిలబడి నవ్వాను. ఆ నవ్వు ఆమె చూసింది.

అందుకే మాట్లాడడం లేదు. ఉరుళి పువ్వుల పాలైతే ఇకపై మాట్లాడుతుందని కూడా అనుకోను. తల దొరకలేదు. గడువు ఏడు రోజులు.

ఆలిక్కోయ

తా.క. మీ అమ్మగారి ఉరుళి అడుగున చింతపండు రాసి, బూడిదతో తోమి, ముందు కొబ్బరినూనె వేడిచేయండి. అది మరిచిపోయి ఉండదు.


దోహా,
జూలై 6

మాస్టారికి,

విషయం: తల.

మా సంస్థ ఉద్యోగులకు ఏటా ఒక ఉచిత టికెట్టు ఇస్తుంది. పన్నెండేళ్ళుగా నేను వాడుకోలేదు, గల్ఫులో నాకెవరూ లేరు. ఆ టికెట్టుకు సామాను హక్కు ఒక్క గ్రాము కూడా లేదు. అది కూడా నేను రాసిన నియమమే. కనుక నాలుగో తేదీన, వేలానికి ఒక రోజు ముందు, మీ వస్తువును ధరించి గేటుకు వెళ్ళాను. గేటులో సుధీష్ ఉన్నాడు. నమస్కరించాడు, తర్వాత పైకి చూశాడు.

"మేడమ్, అదేమిటి?"

"టోపీ."

"చెవులున్నాయి మేడమ్. నలభై ఒకటో సర్క్యులర్."

"అది రాసింది నేనే కదా, సుధీష్."

"చక్కగా రాశారు మేడమ్. ఒక్క సందూ వదల్లేదు."

నా వెనక వరుసలో బాలన్ కోట్లు నాలుగు ఉన్నాయి. అందరూ చూస్తుండగా రుసుము కట్టాను. మనసులో సుధీష్‌కు పదోన్నతి సిఫారసు చేశాను, కొంచెం ఆలస్యంగా.

మీ ఇంటివారి తలుపు తట్టినప్పుడు ఆమె ముందు నా తల చూశారు, తర్వాత నన్ను చూశారు. "నువ్వు కూడా మా ఆయన మాట విన్నావా?" అని అడిగారు. ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. మీరు నవ్విన మాట దగ్గర ఆమె లేచి వంటింట్లోకి పోయారు. కాసేపటికి ఉల్లిపాయల వాసన వచ్చింది. నలభైలో ఇంకా ఇరవై రోజులు మిగిలి ఉండగానే లేహ్యం పొయ్యెక్కింది. కలియబెట్టే పని నాకిచ్చారు. ఎప్పుడు దించాలో చేతికే తెలుస్తుందని మా అమ్మ అనేది, నా చేతికి తెలిసిపోయింది.

రసీదు జతపరిచాను. దయచేసి వివరాల గడి చూడండి. సుధీష్ స్వదస్తూరీతో, సంస్థ ముద్రతో 'టోపీ ఒకటి, చెవులతో' అని ఉంది. మీరు కేసు గెలిచారు.

మీ ఇంటివారు మీకు చెప్పమన్న మాట: "వేళకు తినమను. వచ్చేటప్పుడు ఉరుళి నా నెత్తిన కాదు, ఆయన వచ్చి ఆయన నెత్తిన తీసుకెళ్ళాలి."

నేను శుక్రవారం తిరిగి వస్తున్నాను.

ఇట్లు,
మీ ఏలియామ్మ

తా.క. నేను వస్తున్న సంగతి ఇక్కడి పయ్యోళివాళ్ళకు ఎలాగో తెలిసింది. తొమ్మిది ఇళ్ళ నుంచి పొట్లాలు వచ్చాయి, పైన మీకోసం లేహ్యం ముద్ద ఒకటి. అన్నీ నా ఒంటి మీదే ఉంటాయి. మీ సంఘం పలక మీద నా పేరు రాయండి. విమానాశ్రయానికి వస్తే సంతోషమే గానీ, కౌగిలించుకోవద్దని మమ్మద్‌కు ముందే చెప్పండి. టోపీ దొరికిన ఆనందంలో ఉంటాడు.