శుక్రవారం తుడవని బొట్లు

17 ఆగస్టు 2015, సోమవారం

మిషన్ వచ్చింది. రెండు లారీలు. చెన్నైలో మూతపడిన ఏదో కంపెనీది, సెకండ్ హ్యాండ్. వస్తుందన్న క్రేన్ రాలేదు. బండలు దించే చైన్ పుల్లీతోనే దించాం. తల ప్రాణం తోకకొచ్చింది.

పలకల షెడ్డు సగం దీనికోసం ఖాళీ చేయించారు మా శెట్టిగారు, ఉమామహేశ్వర్లు. పలకలు ఇప్పుడెవరు కొంటున్నారు. కొత్త రాజధాని కడతారట, అన్నీ అద్దాల బిల్డింగులేనట. రెండు అద్దాల మధ్య సందు వదిలి చుట్టూ సీలు వేస్తే ఎండవేడి లోపలికి రాదట. ఆ కిటికీ అద్దాలు మార్కాపురంలో మనమే చేద్దాం అంటున్నారు. చేసేది ఎవరు? నేను. ఇరవై ఆరేళ్ళుగా పలకలు కోసే మిషన్లు బాగుచేస్తున్న ఫిట్టర్ని. అద్దంతో నాకున్న పరిచయం గడ్డం గీసుకోవడం వరకే. ఆ మాటే అన్నాను. నువ్వున్నావనే కొన్నాను కరుణాకరం అన్నారు. 

22 ఆగస్టు

షెడ్డు నేల నీళ్ళు పోవడానికి వాలుగా పోసింది. ఈ మిషన్‌కు వాలు పనికిరాదు. కాళ్ళ కింద ఇనుప ముక్కలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, నాలుగు రోజులు లెవెల్ చేశాను. నడుం పడిపోయింది.

ఇక దుమ్ము. రెండు అద్దాల మధ్య ఒక్క నలుసు పడినా ఆ జత పనికిరాదు. ఇక్కడ చూస్తే గోడ సందుల్లో కూడా ఏళ్ళ తరబడి పేరుకున్న పలకల దుమ్ము. ఊడ్చాం, కడిగాం, మళ్ళీ ఊడ్చాం. ఇంటికొచ్చాక ఒకటే దగ్గు. నా రొమ్ములో ఉన్న దుమ్ము ఎవరు ఊడుస్తారని అడిగాను. నా భార్య యేసుమణి నవ్వలేదు.

2 సెప్టెంబరు

అద్దాలు కడిగే మిషన్ బాగానే తిరిగింది. ఆరాక చూస్తే అద్దం నిండా తెల్లమచ్చలు. మన బోరు నీళ్ళు మరి. మన పళ్ళనే వదలని నీళ్ళు అద్దాన్ని వదుల్తాయా. ఆర్వో ప్లాంట్ కావాలన్నాను. మా ఇంట్లోనే లేదు, అద్దాలకు కావాలా అన్నారు శెట్టిగారు. చివరికి వారంలో తెప్పిస్తానన్నారు.

10 సెప్టెంబరు

చెన్నై నుంచి టెక్నీషియన్ వచ్చి రెండు రోజులుండి పోయాడు. తమిళం, ఇంగ్లీషు, చేతి సైగలు. మొత్తానికి అర్థమైంది.

అన్నిటికన్నా చివర ప్రెస్సు. అద్దం, చుట్టూ సందు కోసం పెట్టే స్పేసరు పట్టీ, ఇంకో అద్దం కలిపి నిలబెట్టి పెడల్ తొక్కితే రెండు ఇనుప ప్లేట్లు దగ్గరకొచ్చి నొక్కేస్తాయి. దాని ముందు అటొకటి ఇటొకటి స్తంభాలు, వాటికి నిలువునా నల్లటి పట్టీ. ఒకదాన్నుంచి ఇంకోదానికి కంటికి కనపడని వెలుగు పోతుంటుంది. మధ్యలో చెయ్యి అడ్డొస్తే ప్రెస్సు అక్కడికక్కడే ఆగిపోతుంది. లైట్ కర్టెన్ అంటారు. పోయే ముందు టెక్నీషియన్ దాని దగ్గరే నిలబడి రెండుసార్లు చెప్పాడు, దీని జోలికి పోవద్దని.

14 సెప్టెంబరు, సోమవారం

ఆరుగురు ఆడవాళ్ళకు, మాల్యాద్రికి ట్రైనింగ్. అందరూ పలకల పని చేసినవాళ్ళే. గ్లౌజులు వేసుకోమంటే నవ్వుతారు. పలక అంచు పట్టీ పట్టీ ఆ అరచేతులు మొద్దుబారి ఉన్నాయి, అద్దం కోస్తే అప్పుడు తెలుస్తుంది.

తర్లుపాడు నుంచి వచ్చే గురమ్మ మాత్రం ప్రెస్సు దగ్గరకే రాలేదు. పనిలో దిట్ట. కొలత చూడకుండా పలక సరిగ్గా సర్దుతుంది, అందుకే ఆమెను ప్రెస్సుకు అనుకున్నాను. రానంటే రానంది. ప్లేట్లు మూసుకోవడం చూస్తే భయమట. ఏం చెయ్యను. ముందు చీపురుకట్ట పెట్టి చూపించాను. ఆగింది. నమ్మలేదు. నా చెయ్యి పెట్టాను. ఆగింది.

"చూసినావా గురమ్మా. చెయ్యి పెడితే ఆగిపోద్ది. అది నిన్నేం చెయ్యదు."

నాలుగుసార్లు పెట్టి చూపించాక వచ్చి నిలబడింది.

19 సెప్టెంబరు

మాల్యాద్రి అద్దాలన్నీ గోడకు నిలబెట్టాడు, పలకలు పెట్టినట్టు. స్టాండు మీద వాల్చి బెల్టు కట్టాలిరా, మీద పడితే నిన్ను గోనెసంచిలో ఎత్తుకుపోవాలి అని తిట్టాను.

6 అక్టోబరు

మొదటి ఆర్డర్. విజయవాడలో ఒక ఆఫీసుకు నూట నలభై జతలు. పెడల్ మాల్యాద్రిది, సర్దడం గురమ్మది. ఆమె చెయ్యి కుదిరింది. పట్టీ కొంచెం వంకర పోయినా చటుక్కున చెయ్యి పెట్టి సర్దుతుంది, ప్రెస్సు ఆగుతుంది, సర్దాక మళ్ళీ నడుస్తుంది. ఇప్పుడు ఆమెకు భయం లేదు. నాకే నిద్ర లేదు.

21 అక్టోబరు, బుధవారం

ఆయుధపూజ. శెట్టిగారి తల్లి కన్యకాపరమేశ్వరమ్మగారు స్వయంగా వచ్చారు. ఎనభై ఏళ్ళ మనిషి. గంధం గిన్నె పట్టుకుని ఒక్కో మిషన్‌కు బొట్టు పెడుతూ వచ్చారు. ప్రెస్సు దగ్గర ఆ నల్లటి పట్టీలు నున్నగా కనిపించాయి కాబోలు. రెండు స్తంభాలకూ పైనుంచి కింద దాకా వరసగా గంధం, దాని మీద కుంకుమ.

నేను చూస్తూనే ఉన్నాను. అమ్మా, అక్కడొద్దు అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. చర్చికి పోయేవాణ్ణి, బొట్టు పెట్టొద్దంటే ఏమనుకుంటారు? మిషన్ గురించి అన్నానని ఎవరూ అనుకోరు. కొబ్బరి ముక్క చేతిలో పెట్టారు, తీసుకున్నాను.

22 అక్టోబరు

సెలవు. పొద్దున్నుంచీ టీవీలో రాజధాని శంకుస్థాపనే. నేను పడుకున్నాను.

23 అక్టోబరు, శుక్రవారం

అనుకున్నంతా అయింది. ప్రెస్సు కదలదు. ఎర్రలైటు. గంధం ఎండి అట్ట కట్టింది, వెలుగు ఎట్లా పోతుంది. తడిగుడ్డ తీసుకున్నాను. అప్పుడే శెట్టిగారు వచ్చారు. ఏం చేస్తున్నావని అడిగితే చెప్పాను. ఆయన మొహం మారిపోయింది. శుక్రవారం పూట, అమ్మ పెట్టిన బొట్టు తుడుస్తావా అన్నారు. ఈ మాట ఇంట్లో తెలిస్తే ఆమె అన్నం ముట్టదట. రేపు పొద్దున లారీ వస్తుంది, ఇంకా ముప్పై ఎనిమిది జతలున్నాయి. ఇంకో దారి చూడు అన్నారు.

ఇంకో దారి ఉంది. ప్యానెల్ లోపల రెండు టెర్మినల్స్ మధ్య జానెడు వైరు బిగిస్తే లైట్ కర్టెన్ ఉన్నా లేనట్టే. అది ఆయనకు తెలియదు. నాకు తెలుసు. అప్పుడే కరెంటు కూడా పోయింది. టార్చి వెలుతురులో ప్యానెల్ తెరిచి వైరు బిగించాను. పది నిమిషాల పని. కరెంటు వచ్చాక ప్రెస్సు చక్కగా నడిచింది.

రేపటికే కదా అనుకున్నాను.

24 అక్టోబరు

లోడు పోయింది. ఒళ్ళు హూనం.

26 అక్టోబరు, సోమవారం

బొట్లు తుడిచాను. వైరు తీయలేదు. వైరు సంగతి చెప్తే, అది ఉంటే పని ఆగకుండా సాగుతోందని శెట్టిగారికి అర్థమైంది. దీపావళి దాకా ఉండనీ అన్నారు. నేను సరేనన్నాను. వద్దని గట్టిగా చెప్పాల్సింది. ఓపిక లేదు.

30 అక్టోబరు

వైరు తీయాలి. ఇంతవరకు పట్టీ జారలేదు కాబట్టి సరిపోయింది. సోమవారం తీస్తాను.

5 నవంబరు, గురువారం

గురమ్మ కుడిచెయ్యి.

6 నవంబరు

నిన్న రాయలేకపోయాను.

మధ్యాహ్నం మూడున్నర. స్పేసరు పట్టీ జారింది. ఎప్పట్లాగే చటుక్కున చెయ్యి పెట్టింది. మాల్యాద్రి అప్పటికే పెడల్ తొక్కాడు. ప్రెస్సు ఆగలేదు. ఆమె అరవలేదు కూడా. ఇంకా ఆగుతుందేమోనని నావైపు చూసింది. ఎమర్జెన్సీ బటన్ నొక్కింది నేనే, కానీ అప్పటికే అయిపోయింది.

మార్కాపురం ఆస్పత్రిలో కట్టుకట్టి ఒంగోలు పంపారు. చూపుడు వేలు, మధ్య వేలు తీసేశారట.

ఆమెను ఎక్కించిన ఆటో వెంట అందరూ పరిగెత్తారు. షెడ్డులో నేనొక్కణ్ణే. ప్యానెల్ తెరిచి వైరు పీకేశాను. పీకమని ఎవరూ చెప్పలేదు. శెట్టిగారు అప్పటికి రానేలేదు. నా చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. ఛీ, నా బతుకు.

9 నవంబరు, సోమవారం

ఒంగోలు నుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వచ్చారు. చీపురుకట్ట పెట్టి చూశారు. ప్రెస్సు ఆగింది. ఇంకోసారి పెట్టారు. ఆగింది. లైట్ కర్టెన్ ఇంత బాగా పనిచేస్తుంటే చెయ్యి ఎట్లా నలిగిందని అడిగారు. శెట్టిగారు నా మొహం చూశారు. నేను నేల చూశాను. స్తంభం పక్కన చిన్న సందుంది సార్, అక్కడినుంచి చెయ్యి పెట్టి ఉంటుంది, చెప్పినా వినరు వీళ్ళు అన్నారాయన. ఇన్‌స్పెక్టర్ రాసుకున్నారు. రిపోర్టు ఇంకా పంపలేదు, వారంలో పంపుతారట.

అది పోతే తప్పు గురమ్మది అవుతుంది. మందుల ఖర్చు వరకు ఇస్తారు. నష్టపరిహారం రాదు, పని ఉండదు. ఆ చేత్తో వేరే ఎవరిస్తారు పని.

11 నవంబరు, దీపావళి

యేసుమణికి అంతా చెప్పాను. వైరు సంగతి, పీకేసిన సంగతి. అన్నం వడ్డిస్తూ విన్నది. తర్వాత ఒక్కటే అడిగింది.

"నాకు చెప్తే ఏం లాభం? ఆమెకు చెప్పినావా?"

అన్నం సయించలేదు. బయట టపాకాయల మోత.

14 నవంబరు, శనివారం

తర్లుపాడు పోయాను. గురమ్మ మంచం మీద కూర్చుని ఎడమచేత్తో గ్లాసు పట్టుకోవడం నేర్చుకుంటోంది. నన్ను చూసి లేవబోయింది. నాకు టీ పెట్టమని కూతురితో చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను.

దారిపొడుగునా అనుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో. నీ వేళ్ళు పోయింది నావల్ల, నేనే వైరు పెట్టి అది ఆగకుండా చేశాను, మళ్ళీ నేనే పీకి దాచాను అని గబగబా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. అదేమీ లేదు. కాసేపు తన కట్టు వైపు చూసుకుంది.

"కరెంటు పోయిననాడా అన్నా? ఆ పొద్దు టార్చి పట్టుకున్నది నేనే గదా. బాగుచేస్తా ఉన్నావనుకున్నా."

నాకు గుర్తు లేదు. ఒట్టు, గుర్తు లేదు. టార్చి వెలుతురు గుర్తుంది. ఆ వెలుతురు పట్టుకున్న మనిషి వైపు నేను తిరిగి కూడా చూడలేదు. నేను వైరు బిగిస్తుంటే ఆమె చెయ్యి కదలకుండా నాకు వెలుగు చూపించింది. పది నిమిషాలు.

టీ తాగలేకపోయాను. తాగమని బలవంతం చేసింది, తాగాను. వచ్చేటప్పుడు అడిగింది, టార్చి పట్టుకున్నందుకు తనక్కూడా తప్పు అంటుకుంటుందా అని.

16 నవంబరు, సోమవారం

పొద్దున ఏడింటి బస్సుకు ఒంగోలు పోయాను. శెట్టిగారికి చెప్పలేదు. ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో కూర్చుని రెండు పేజీలు రాసిచ్చాను. వైరు పెట్టింది నేను, తీసింది నేను. సంతకం పెట్టాను.

ఆయన చదివి, కరెంటు లేదంటున్నారు, ఒక్కరే ఎట్లా బిగించారు, టార్చి ఎవరు పట్టుకున్నారు అని అడిగారు.

గుర్తు లేదు సార్ అన్నాను.