చుక్క ఉప్పల్లోనే ఆగింది

ఆగస్టు 2012, శనివారం రాత్రి

మా స్కూలు మూడు బ్రాంచీల లెక్కల టీచర్లం పేపర్ సెట్టింగుకు ప్రతి శనివారం ఉప్పల్లోనే ఎందుకు కలవాలని అడిగింది నేనే. "అడుగక్కా, అడుగు" అని వెనక నుంచి తోసింది నాచారం సరిత. నేను హయత్‌నగర్ నుంచి రెండు బస్సులు మారాలి. ఉప్పల్ మల్లేశం సారు మాత్రం కుర్చీలోంచి కదలడు.

అందరికీ న్యాయమైన చోటు జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో చూపిస్తానని గొప్పగా లాప్‌టాప్ తెరిచాను. మ్యాపు మీద మూడు బ్రాంచీలు పెట్టి, నాలుగో చుక్కను మౌస్‌తో లాగుతూ ముగ్గురి దూరాల మొత్తం ఎక్కడ తగ్గుతుందో చూశాం. చుక్క పోయి ఉప్పల్ మీదే కూర్చుంది. ఎటు జరిపినా మొత్తం పెరుగుతోంది.

మల్లేశం సారు పడీపడీ నవ్వాడు. "నేనేం జెయ్యలే మేడం. మీ కంప్యూటరే మా గేటు కాడ ఆగింది."

త్రిభుజంలో ఒక కోణం నూట ఇరవై డిగ్రీలు దాటితే ఆ శీర్షమే జవాబు; ఇక్కడ అది ఉప్పల్. చదువుకున్నదే, నాకెందుకు తట్టలేదు? మొత్తం తక్కువే, నిజమే. అందులో ఆయన వంతు సున్నా. పాప నిద్రపోయాక ఇల్లు చేరేది నేను.

ఇంటికొచ్చి ప్రశ్న మార్చాను. అందరికంటే ఎక్కువ దూరం పోయే మనిషి దారి తగ్గాలని పెడితే చుక్క మా వైపున్న నాగోల్‌కు జరిగింది. సంబరంగా సరితకు ఫోన్ చేశాను.

"ఉప్పలైతే నాకు దగ్గరనే గదక్కా," అంది. "మల్లా ఈ లొల్లి ఎందుకు?"