కడిగిన వాకిలి

ఆదివారం

పోర్టు నుంచి వచ్చి మా వన్ టౌన్ ఇళ్ల మీద పడే బొగ్గు పొడి గురించి ఫిర్యాదు రాయడం, మా సంఘంలో చేరిన కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. రుజువుకి రోజూ పొద్దున్నే వాకిలి ఫోటో తీయమన్నాను. చేపలమ్మే నూకాలు ఈరోజు వారం ఫోటోలు తెచ్చింది. అన్నింటిలోనూ శుభ్రంగా కడిగిన వాకిలి, తెల్లటి ముగ్గు.

"కడగకముందు తీయాలి కదా నూకాలూ" అన్నాను, కాస్త విసుగ్గానే.

"నల్లటి వాకిలి పదిమందికీ సూపిత్తే, నాకు ఇల్లు కడుక్కోడం కూడా రాదనుకోరేటమ్మా?"

ఇంటికొచ్చి, నేను పంపిన పాత ఫిర్యాదుల్లోని ఫోటోలు తీసి చూశాను. ఎదురింటి వాకిలి ఉంది, పక్కింటిది ఉంది. మా ఇంటిది ఒక్కటీ లేదు.

రేపు అత్తయ్య చీపురు పట్టకముందే మాది ఫోటో తీసి, ముందు నూకాలుకే పంపాలి. అత్తయ్యేమో నాకన్నా ముందే లేస్తారు...