సంతకని చెప్పి

సురేంద్ర మావకు గంగ రాస్తున్నది. అందరం బాగున్నామని ముందు రాయాలి కాబట్టి రాస్తున్నాను. నువ్వూ అక్కడ ఒళ్లు చూసుకుంటున్నావని అనుకుంటాను. నాకు మాత్రం ఐదు రోజులుగా ఒళ్లు మండిపోతోంది. ఫోనులో చెబుదామంటే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి, అక్కడ సగం ఊరు నిలబడి వింటుంది. అందుకే ఉత్తరం.

విశాఖ నుంచి నువ్వు పంపిన చీటీ మన ఊరి ధనరాజు తెచ్చిచ్చాడు. కాఫీ పళ్ల కోత మొదలైంది. అత్తకు దగ్గు తగ్గింది. మన గాయత్రికి కుక్క కరిచిన సూదులు చెప్పిన రోజు తప్పకుండా వేయిస్తున్నావా అని అడిగావు. చెబుతాను, ఆగు.

మంగళవారం మొదటి సూదికి ఆసుపత్రిలో ఏం చేశారో తెలుసా? పిల్ల బల్ల ఎక్కనని ఏడ్చింది. ఐదేళ్ల పిల్ల ఏడవక నవ్వుతుందా? ఒకడు కాళ్లు పట్టాడు, ఒకామె భుజాలు అదిమింది. "ఈ కొండోళ్ల పిల్లలింతే, ఇంట్లో బుద్ధి చెప్పరు" అంది సిస్టరు, నా ముఖం మీదే. కుక్క కరిచిన చోటు కంటే వాళ్లు పట్టిన చోటే ఎక్కువ కమిలింది. ఆ సిస్టరు మాట ఉంది చూడు మావా, అదింకా మండుతోంది.

ఇక నీకు చెప్పనిది. రెండో సూది శుక్రవారం వేయించాలి. వేయించలేదు. ఆసుపత్రి అంటే రాదని, "సంతకెల్దాం, గాజులు కొంతాను" అని జీపెక్కించాను. ఆసుపత్రి గేటు చూడగానే చెయ్యి విదిలించుకుని ఒకటే పరుగు. దొరికేసరికి సాయంత్రమైంది, సూదుల గది మూసేశారు. పిల్ల ప్రాణంతో ఆటలాడానని నన్ను తిట్టు, పడతాను. కానీ అది అన్నం తినకపోతే ఫోను చేసినప్పుడల్లా "సూదేయించీమని సెప్తాను" అని బెదిరించింది ఎవరు? నువ్వూ నేనూ కలిసే దానికి ఆ భయం పెట్టాం. సిస్టరొక్కదాన్నే తిట్టి చేతులు దులుపుకుంటే ఎలా?

శనివారం మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి సూదుల గదిలో పెదబయలు వైపు నర్సమ్మ ఉంది, స్వర్ణ అని. నేను మళ్లీ మొదలుపెట్టాను, "సీమ కుట్టినట్టుంటాదే" అని. నర్సమ్మ నన్ను ఆపింది. పిల్ల ముందు కింద కూర్చుంది.

"సీమ కాదమ్మా, సూదే. నొప్పెడతాది. ఏడుపొత్తే ఏడు, సెయ్యి మాత్రం కదపకు. ఏ సెయ్యిత్తావు?"

మన గుంట గాయత్రి ఎడమ చెయ్యి తనే చాపింది. వెక్కి వెక్కి ఏడ్చింది, చెయ్యి కదపలేదు. ఒక రోజు ఆలస్యమైనా వేశాం కదా, ఇక మిగతావి తప్పొద్దు అంది నర్సమ్మ. ఎల్లుండి మళ్లీ ఉంది. ఆసుపత్రికని చెప్పే తీసుకెళ్తాను. నువ్వూ ఫోనులో ఇంకెప్పుడూ సూది మాటెత్తి బెదిరించకు.

ఇవాళ బట్టలు ఉతకడానికి గెడ్డకు రమ్మన్నాను. గుమ్మంలోనే నిలబడిపోయి, "నిజంగా గెడ్డకేనా?" అంది. మూట విప్పి బట్టలు చూపించాను. అయినా తన తల మీద నా చెయ్యి పెట్టించి, ఒట్టు వేయించుకున్నాకే కదిలింది. కన్నతల్లిని మావా, నా మాట నా బిడ్డకు చాలలేదు.

ఇట్లు,
నీ గాయత్రి తల్లి,
గంగ