డ్రమ్ము లోపలి పేరు

తమ్ముడూ దేవదానం,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. మన డ్రమ్ముల షెడ్డు నేనే నడుపుతున్నాను.

మొన్న చర్చి డ్రమ్ముకు తోలు మార్చాను. లోపల చెక్క మీద బొగ్గుతో రాసిన నీ పేరు అలాగే ఉంది. తోళ్లు ఎప్పుడూ నేనే బిగించినా, లోపల పేరు రాసుకునేది నువ్వే కదా.

షిఫ్టు దిగి వచ్చిన సంఘపెద్ద వాయించి చూసి, "ఏమన్నగానీ అక్కా, దేవదానం చెయ్యే చెయ్యి! గిప్పటికీ గట్లనే మోగుతున్నది," అన్నాడు. అప్పటికి తోలు లాగి బిగించిన నా వేళ్ల వాపు కూడా తగ్గలేదు.

శ్రుతి కుదరలేదని అబద్ధమాడి డ్రమ్ము ఉంచుకున్నాను. తోలు విప్పి, తడిగుడ్డతో నీ పేరు తుడిచి, నా పేరు రాసి బిగించాను. అప్పటినుంచి ప్రార్థనకు కళ్లు మూస్తే నువ్వే కనబడుతున్నావు.

రేపు మళ్లీ విప్పుతాను. నీ పేరు రాస్తాను, నా పేరు కింద.

నీ పెద్దక్క
మరియమ్మ