మట్టి లారీ వచ్చేలోపు

జూన్ 4, మంగళవారం

మా ఆయన రాయిస్ ఇవాళ స్విమ్మింగ్ పూల్ పూడ్చే మనిషికి ఫోన్ చేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. సోమవారం మట్టి లారీ వస్తుందట. ఫిల్టర్ వాల్వ్ మళ్ళీ కారుతోంది, ఈ కొత్త మోకాలితో నేను కింద కూర్చుని పైపులు కోసి అతికించలేను, ఈ ఎడారిలో మనకి ఈ నీళ్ళ గుంట ఎందుకు అన్నాడు. ఆపరేషన్ అయ్యాక తనెలాగూ దిగడం మానేశాడు. మరి నేను? ఫీనిక్స్ ఎండల్లో రోజూ పొద్దున్నే ఈదబట్టే నేను మనిషిలా ఉన్నాను. రాయిస్‌ని ఇన్నేళ్ళు భరించానంటే అదీ ఆ నీళ్ళ చలవే.

రిపేరు నేనే చేస్తానన్నాను. గ్లెండా మేడమ్‌గారు ఇదేదో బల్బు మార్చడం అనుకుంటున్నారు కాబోలు అన్నాడు. ఈ ఇంట్లో బల్బులు మార్చేదీ నేనే.

జూన్ 5

హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి కొత్త వాల్వ్, పైపు, ప్రైమర్, గమ్, యూనియన్లు తెచ్చాను. యూనియన్‌ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి రాయిస్‌కి చూపించాను. పెద్ద నట్టు చేత్తో తిప్పితే జాయింటు రెండుగా ఊడొస్తుంది. ఇవి పెడితే ఇక ఏ రిపేరుకీ రంపం అక్కర్లేదు, కింద కూర్చోనక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదయ్యా అని అడిగాను. గమ్‌తో అతికించిందే గట్టిదట. గట్టిదనమంతా ఆ బుర్రలో ఉంది.

జూన్ 7, పొద్దున్నే

మోటారు ఆపి, పాత పైపులు కోసేశాను. రంపం దిగుతుంటే ఎంత హాయిగా ఉందో! రాయిస్ నీడలో కుర్చీ వేసుకుని వంకర, వంకర అని అరుస్తూనే ఉన్నాడు. వంకరేం లేదు.

ఇంకో గంటకి

గమ్ బాగా పట్టడానికి ముందు ఊదా రంగు ప్రైమర్ రాశాను. గమ్ రాశాను. యూనియన్‌ని పైపుకి గుచ్చి, కాస్త తిప్పి, పట్టుకున్నాను. ఈ ఎండకి ఇట్టే పట్టేసింది. అద్భుతం. ఇటు తిరిగి చూస్తే నట్టు బల్ల మీదే ఉంది.

ముందు నట్టు పైపుకి తొడిగి, ఆ తర్వాత అతికించాలి. ఇప్పుడది ఎటునుంచీ ఎక్కదు.

మధ్యాహ్నం

రాయిస్ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆపరేషన్ అయ్యాక ఇలా నవ్వడం ఇదే మొదలు. ఆ నట్టు వేలికి తొడుక్కోవే, మళ్ళీ పెళ్ళి చేసుకుందాం అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ కోశాను. నేలలోంచి వచ్చే పైపు బెత్తెడు కూడా మిగల్లేదు. ఇక యూనియన్ ఎక్కించడానికి చోటు లేదు. భయమేసింది. అప్పుడు రాయిస్ కుర్చీ ముందుకి లాక్కుని, పైపు చుట్టూ తవ్వు, కింద ఇంకాస్త దొరుకుతుంది అన్నాడు. వారం మొత్తంలో పనికొచ్చే మాట అదొక్కటే. తవ్వాను. దొరికింది.

జూన్ 8

నట్టు ముందు. నట్టు ముందు. నట్టు ముందు.

జూన్ 9

మోటారు వేశాను. నీళ్ళ ఒత్తిడి చూపే గేజ్ ముల్లు లేచి నిలబడింది. రాయిస్ కర్ర పట్టుకుని వచ్చి, ప్రతి జాయింటుకీ టిష్యూ అద్ది చూశాడు. పొడిగా వచ్చింది. నమ్మక మళ్ళీ అద్దాడు. పొడే. మోటారు ఆపించి, నిలబడే ఉండి, ఒంటి చేత్తో నట్టు తిప్పి యూనియన్ విప్పాడు. బిగించాడు. మళ్ళీ విప్పాడు. బాగుందని అనలేదు. లారీ వద్దని చెప్పానని కూడా అనలేదు. నేను అడగలేదు. నన్ను అడక్కుండా పిలిచిన లారీని నేను అడక్కుండానే తనే మానిపించాలి.

జూన్ 10, సోమవారం

లారీ వచ్చింది. రాయిస్ మెడ దాకా నీళ్ళలో ఉన్నాడు. నేనిప్పుడు బయటికి రాను, మట్టి పోయాలంటే నా మీదే పోసుకోమను, అని డ్రైవర్‌కి చెప్పమన్నాడు. చెప్పాను.