కాన్పు గదిలో నా ఏడుపు

భద్రాచలం,
18-8-1986

చిరంజీవి హైమకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడి దవాఖానాలో అంతా కుర్ర నర్సులేనని కాన్పుకు రావడానికి భయపడుతున్నావట. మొన్నటిదాకా నాకూ అదే భయం.

పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం వాళ్లకు రబ్బరు బొమ్మ మీద నేర్పుతున్నారు. బొమ్మ దగ్గర అందరూ బాగానే చేస్తారట, పక్కన చుట్టాలు ఏడిస్తేనే కంగారుపడతారట. అందుకని వాళ్లకు నేర్పే ట్యూటరమ్మ, నీ కాన్పు సంగతి కనుక్కుందామని వెళ్లిన నన్ను అమ్మమ్మగా నిలబెట్టి ఏడవమంది. మనసుపెట్టి ఏడ్చాను. ఇద్దరు నర్సు పిల్లలు బొమ్మను వదిలేసి నాకు మంచినీళ్లు తెచ్చారు. గోరి అనే పిల్ల మాత్రం బొమ్మ మూతి మీది మాస్కు తీయకుండానే, "అమ్మా, జర బయటికి నడువుండ్రి. బిడ్డకు గాలి కావాలె, మీ ఏడుపు కాదు" అంది.

ధైర్యంగా రా. నీ కాన్పుకు గోరినే ఉండమన్నాను. "మీరు వరండలనే కూసోవాలె" అని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను.

అమ్మ